రోజుకు మూడు వాక్యాలు

(పళనిలో తెలుగు కుటుంబాల కూడికలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ సభకు పిలిచినవారు భాషాల్పసంఖ్యాకుల హక్కులను గూర్చి మాట్లాడమన్నారు. ఇరవై ఏళ్ళుగా నేను మాట్లాడుతున్నది అదే. రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలు, 1956లో ఏడవ సవరణతో చేరిన 350-ఎ, 350-బి అధికరణాలు మీలో కొందరికి నా నోట వినివిని కంఠస్థమై ఉంటాయి. ఈ పూట వాటిని పక్కన పెట్టడానికి సెలవు ఇవ్వండి. ప్రభుత్వాన్ని అడగవలసినవి చాలా ఉన్నాయి, అడుగుతూనే ఉందాం. ఈరోజు మాత్రం నేను మిమ్మల్ని ఒకటి అడగడానికి వచ్చాను. దానికి అర్జీ అక్కరలేదు, కోర్టు రుసుము అక్కరలేదు, వాయిదాలు అసలే ఉండవు. ప్రతి ఇంటిలో ప్రతిరోజూ మూడు వాక్యాలు తెలుగులో వ్రాసుకోవడం. దినచర్య అనండి, డైరీ అనండి, మన పాత లెక్కల పుస్తకాలలో కనిపించే దినవహి అన్న మాటతో పిలవండి, పేరు ఏదైనా సరే.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద సభ ఎందుకని మీరు అనుకోవచ్చు. అందువల్ల మొదట నా తప్పు ఒకటి చెప్పుకొంటాను.

నాకు ముప్పై ఒకటవ ఏడు నడుస్తుండగా, మన పిల్లలకు బడిలో తెలుగు చెప్పించాలని కోరుతూ ఒక అర్జీ తయారుచేశాను. మా ఇళ్ళలో తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నాం, ఇది మా అమ్మనుడి అని అందులో గట్టిగా వ్రాశాను. ఇంగ్లీషులో వ్రాశాను. దాని తమిళ ప్రతి కూడా సిద్ధం చేశాను. సంతకాలు పెట్టే వేళకు ఒక పెద్దాయన కలం పట్టుకొని నా ముఖం చూసి, "నాయనా, దీనిమీద తెలుగులో సంతకం పెట్టేవాళ్ళు మనలో ఎంతమంది ఉండారు?" అని అడిగారు. ఆ గదిలో పందొమ్మిది మందిమి ఉన్నాము. తెలుగులో పేరు వ్రాయగలిగినవాడు ఆయన ఒక్కడే. అర్జీ వ్రాసిన నేను తమిళంలో సంతకం చేశాను.

ఆ రాత్రి నేను మా ఇంటి ట్రంకుపెట్టె తెరిచాను. అందులో మా తాతగారి పుస్తకాలు ఉన్నాయి. మేము ఆయనను అబ్బ అనేవాళ్ళం. సన్నగా పొడుగ్గా ఉండే లెక్కల పుస్తకాలు ఐదు. మా నాయన చదివింది తమిళ బడిలో, కనుక ఆయనకు అవి అప్పుల పద్దులని మాత్రమే తెలుసు. మా అవ్వకు అక్షరాలే రావు. అయినా ప్రతి ఏడూ చిత్తిర నెలలో వాటిని బయటికి తీసి, చాప పరచి, ఎండలో ఆరబెట్టి, వేపాకు మధ్య పెట్టి మళ్ళీ పెట్టెలో సర్దేది. ఆమె ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేయడం నేను విన్నాను, చూశాను కూడా.

పెద్దబాలశిక్ష కొని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. అచ్చు అక్షరాలు ఆరు నెలల్లో వచ్చాయి. అబ్బ వ్రాసింది గొలుసుకట్టు వ్రాత. దానికి మరో ఏడాది పట్టింది. చివరకు చదవగలిగాను. వాటిలో అప్పుల పద్దులు ఉన్న మాట నిజమే. వాటి మధ్య వానలు ఉన్నాయి, ఎద్దుల బేరాలు ఉన్నాయి, ఎవరింట పెళ్ళికి ఎంత చదివించారో ఉంది. ఒక పుటలో, మా దాయాదులతో పంచుకొన్న బావి నీటి వంతు నాలుగు నాళ్ళకు ఒకసారి అని పెద్దమనుషుల ముందు కుదిరినట్లు, సాక్షుల పేర్లతో సహా వ్రాసి ఉంది. నేను న్యాయకళాశాలలో చదువుతున్న రోజుల్లో ఆ వంతు మీదే తగవు వచ్చింది. మా నాయన చేతిలో ఆధారం లేక ఆరు నాళ్ళకు ఒప్పుకొన్నారు. ఆధారం మా పెట్టెలోనే, అవ్వ ఆరబెట్టిన పుస్తకంలోనే ఉంది.

ఆ నీళ్ళను గూర్చి నాకు ఇప్పుడు బాధ లేదు. కాలపరిమితి దాటింది, దాయాదులతో మాటలు కలిశాయి, బావి కూడా ఎండిపోయింది. నన్ను నిద్రపోనివ్వనిది మరొక పుట. అబ్బ ఇలా వ్రాసుకొన్నారు: ఇంటిదానికి మూడు నాళ్ళుగా జ్వరం. నేనే వండినాను. ఉప్పు ఎక్కువైనది. ఏమీ అనక తినినది.

ఆ పుట చదివేనాటికి మా అవ్వ పోయి రెండేళ్ళయింది. అన్ని ఏళ్ళు ఆరబెట్టిన పుస్తకంలో తాను ఉన్నట్లు ఆమెకు తెలియకుండానే పోయింది. చదివి వినిపించవలసినవాణ్ణి నేను. ఆమె ఉన్నంతకాలం నాకు చదవడం రాలేదు.

అందుకే ఈ మూడు వాక్యాల మాట ఎత్తుకొన్నాను.

పుట నింపినవారు

దినచర్య వ్రాయడం తెల్లవారి అలవాటని, చదువుకొన్నవారి విలాసమని కొందరి తలంపు. అది సరికాదు. ఊరి కరణాలు వ్రాసిన కవిలెలు మనకు ఉండేవి. కల్నల్ మెకంజీ ఊరూరా సేకరింపజేసిన కైఫీయతులకు ఆ కవిలె కట్టలే ఆధారమయ్యాయి. వర్తకుల ఇళ్ళలో చిట్టా, ఆవర్జా రోజూ వ్రాయకుండా దీపం ఆర్పేవారు కారు. మదుర నాయకుల కాలపు వచనమని పండితులు భావించే రాయవాచకము ఒక స్థానాపతి వ్రాసినట్లుగా చెప్పబడే గ్రంథం. త్యాగయ్యగారి కృతులను వాలాజాపేట శిష్యులు తెలుగు లిపిలో వ్రాసిపెట్టుకొన్నారు. ఆ శిష్యులు సౌరాష్ట్రులు, వారి ఇంటినుడి వేరు. ఆ వ్రాతప్రతులు ఇక్కడికి దగ్గరలోనే, మదురైలోని సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. వ్రాసిపెట్టినవారు ఉన్నందువల్లనే అవి మనకు దక్కాయి.

వీరందరిలో నాకు మిక్కిలి దగ్గరివాడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన చెన్నపట్నపు సుప్రీం కోర్టులో ప్రధాన దుబాసీ, అంటే మా వృత్తి ఛాయల్లో బతికినవాడు. 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశికి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం. రైళ్ళు లేవు, రోడ్లు అంతంతమాత్రం. ఆ దారిలో ఆయన మజిలీ మజిలీకీ వ్రాసుకొంటూ పోయారు. తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి ఆ సంగతులు పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్యగారు 1836లో కన్నుమూశారు. 1838లో శ్రీనివాస పిళ్ళెగారు దానిని కాశీయాత్ర చరిత్రగా అచ్చు వేయించారు. దాదాపు నూరేళ్ళ తరువాత, 1941లో, బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావుగారు దానిని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఒక కోర్టు దుబాసీ వ్రాసినదాన్ని ఒక న్యాయవాది కాపాడాడు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉంటుంది, మన్నించండి.

ఆ పుస్తకం ఎలా సాగుతుందో గమనించండి. ఈరోజు ఏ ఊరు చేరాము, దారి ఎలా ఉంది, నీళ్ళు ఉన్నాయా, అంగళ్ళు ఉన్నాయా, ఏవి దొరుకుతాయి, జనం ఎలా ఉన్నారు. ప్రతి మజిలీలోనూ ఇంచుమించు ఇవే సంగతులు. పండితులు పద్యానికే విలువ ఇచ్చే కాలంలో, తెలుగు వచన గ్రంథాలే అరుదుగా ఉన్న కాలంలో, ఆయన చెన్నపట్నంలో తాను మాట్లాడే తెలుగులో వ్రాశారు. అందులో తమిళ మాటలు, హిందూస్తానీ మాటలు, ఇంగ్లీషు మాటలు కలిసి ఉంటాయి. ఆయన దానికి సిగ్గుపడలేదు. నేటికి ఆ వ్రాత 1830 నాటి దేశస్థితికి ఒక సాక్ష్యంగా నిలిచింది. తమిళనాట బ్రతికే తెలుగువాడి మాటకు ఇంతకంటె పెద్ద పీట ఇంకెవరు వేయాలి?

పొరుగు మేలును కూడా చెప్పుకోవాలి. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దుబాసీ ఆనందరంగ పిళ్ళైగారు 1736 సెప్టెంబరు మొదలు 1761 జనవరి వరకు, సుమారు పాతికేళ్ళు, తమిళంలో దినచర్య వ్రాశారు. ఆయన వర్తకుడు. సరుకుల ధరలు, ఓడల రాకపోకలు, దొరల గొడవలు, ఇంటి శుభకార్యాలు, తన దిగులు, అన్నీ అందులోకి ఎక్కాయి. ఆ రంగ పిళ్ళైగారి పేరిటనే కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందము చేశాడు. తమిళంలో దినచర్య వ్రాసుకొన్న ఆ ఇంట తెలుగు కవికి ఆదరం దొరికింది. నేను తెలుగు వ్రాయమంటే తమిళం మానమన్నట్లు ఎవరూ తలచవద్దు. ఈ నేల మనకు అన్నం పెట్టింది. తమిళం నాకు కూడు పెట్టే భాష, కోర్టులో నా గొంతు. ఇంటిలో మూడు వాక్యాలకు మాత్రం అమ్మనుడి కావాలి.

నా ఓటములు

అలవాటు చేసుకోవడం చెప్పినంత సులువు కాదు. నా అనుభవం చెబుతాను.

మొదటి ఏడాది జనవరి ఒకటిన ఒక లావుపాటి డైరీ తీసుకొన్నాను. రోజుకు ఒక పుట నింపాలని ఆన పెట్టుకొన్నాను. తప్పులు లేకుండా, అందంగా, అచ్చ తెలుగులో వ్రాయాలని పట్టుదల. పొంగలి పండుగ వచ్చింది, చుట్టాలు వచ్చారు, రెండు రోజులు తప్పాయి. తప్పిన రెండు పుటలు నింపాకే కొత్త పుట అనుకొన్నాను. బాకీ నాలుగు పుటలయింది, పది అయింది. మాసం తిరిగేసరికి డైరీ అలమర పైకెక్కింది. రెండవ ఏడాది మార్చి వరకు లాగాను. మూడవ ఏడాది జనవరి 11తో సరి.

నాలుగవసారి ఓడిన తరువాత అబ్బ పుస్తకాలు మళ్ళీ తీసి, ఈసారి సంగతి విడిచి పద్ధతి చూశాను. ఆయన ఏనాడూ పుట నింపలేదు. మూడు నాలుగు వరుసలు, అంతే. కొన్నినాళ్ళు వాన లేదు అన్న ఒక్క మాటే. మధ్యలో వారాల కొద్దీ ఖాళీ ఉంది. ఖాళీ తరువాత క్షమాపణలు లేవు, మళ్ళీ తేదీ వేసి మొదలుపెట్టారు. ఆ విధంగా పదకొండేళ్ళు వ్రాశారు.

నేటి పరిశోధనలు కూడా ఇదే చెబుతున్నాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు పరిశీలించి 2009లో ఫలితాలు వెల్లడించింది. ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందని జనంలో ఒక మాట ఉంది. ఆ మాటకు అందులో ఆధారం దొరకలేదు. ఒక కొత్త పని తనంతట తానుగా జరిగే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చునని అంచనా కట్టారు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం జరగలేదని కూడా వారు గమనించారు. పని ఎంత తేలికదైతే అంత త్వరగా అలవాటవుతుంది. పళని కొండకు వించి ఉంది, రోప్ కారు ఉంది. ఈ అలవాటుకు మాత్రం మెట్లదారి ఒక్కటే. కాకపోతే మెట్లు చిన్నవిగా కట్టుకోవచ్చు.

ఎలా వ్రాయాలి

నేను ఇప్పుడు పాటిస్తున్నది, మా ఇంట్లో నిలిచినది చెబుతాను. మీకు తగినట్లు మార్చుకోండి.

మొదటిది, కొలత. మూడు వాక్యాలు. ఒంట్లో బాగులేనినాడు ఒక్క వాక్యం. ఉత్సాహం వచ్చి రెండు పుటలు వ్రాస్తే వ్రాయండి, కాని రేపటి బాకీ మూడు వాక్యాలే. కొలత పెంచకండి.

రెండవది, వేళ. రాత్రికి చూద్దాం అన్న మాట నిలవదు. రోజూ తప్పక చేసే ఒక పనికి దీనిని కట్టివేయాలి. మన ఇళ్ళన్నిటిలో గోడకు దినసరి క్యాలెండరు ఉంటుంది. ఉదయాన లేచి నిన్నటి చీటీ చించడం ఎవరో ఒకరు చేసే పని. ఆ క్యాలెండరు కిందనే ఒక మేకుకు పుస్తకాన్ని, దారంతో కలాన్ని వేలాడదీయండి. చీటీ చించినవారు నిన్నటి మూడు వాక్యాలు వ్రాయాలి. మా ఇంట్లో ఈ ఒక్క ఏర్పాటుతోనే పని నిలబడింది. మీ ఇంట్లో సాయంత్రం దీపం పెట్టే వేళ కావచ్చు, కాఫీ వేళ కావచ్చు. వేళ మారకుండా ఉంటే చాలు.

మూడవది, పుస్తకం. కుట్టిన నోటుపుస్తకం కావాలి, విడికాగితాలు వద్దు. దీనికి నా దగ్గర ఒక కోర్టు సాక్ష్యం కూడా ఉంది. జైన్ డైరీల వ్యవహారంలో 1998లో సుప్రీం కోర్టు తీర్పు ఇస్తూ, తీగచుట్ట నోటుపుస్తకాలను పుస్తకాలని ఒప్పుకొంది, విడికాగితాల కట్టలను ఒప్పుకోలేదు. మన దినచర్య కోర్టుకు వెళ్ళనవసరం లేదు, కాని విడికాగితం పొట్లం కట్టడానికి పోతుంది. ఇక ఫోను. ఈనాడు ఫోనులో తెలుగు చక్కగా వ్రాయవచ్చు, వ్రాసేవారిని ఆపను. కాని ఫోను పాడవుతుంది, తాళపు మాట మరచిపోతాము, ఆ ఫోను మీ మనుమడి చేతికి చేరదు. చేతితో దిద్దితేనే అక్షరం వేళ్ళకు పట్టుతుంది. ధర తక్కువ పుస్తకమే కొనండి. ఖరీదైన పుస్తకంలో తప్పు వ్రాయడానికి చేయి వణుకుతుంది.

నాలుగవది, ఏమి వ్రాయాలన్నది. నాకు ఏమి జరిగింది వ్రాయడానికి అని ఇల్లాళ్ళు అంటారు. వీరాస్వామయ్యగారి బాట పట్టండి. ప్రతిరోజూ ఒకే రకం గడులు నింపండి. ఒక వాక్యం వాన, ఎండ, పంట, అంగడి ధర. ఒక వాక్యం మనుషులు: ఎవరు వచ్చారు, ఎవరికి ఏమైంది. ఒక వాక్యం మీది: ఏమి తోచింది, ఏమి నొచ్చింది. టమాటా కిలో ఎంతకు అమ్మామో వ్రాసిన వాక్యం పదేళ్ళ తరువాత మీ పిల్లలకు కథలా ఉంటుంది.

వీలైతే దీనికి ఒక మాట చేర్చండి. మన ఇంటి తెలుగులోని మాట ఒకటి రోజుకు. గెనిమ, మడవ, కయ్య, గాటిపాట, సద్ది. ఈ మాటలు మన పిల్లల నోట ఎన్నాళ్ళు ఉంటాయో నేను పందెం కాయలేను. పొలం పోతే పొలం మాటలు పోతాయి. రోజుకు ఒకటి చొప్పున ఏడాదికి 365 మాటలు. ఏ విశ్వవిద్యాలయమూ మన పల్లెల తెలుగుకు నిఘంటువు చేసేదాకా ఆగనక్కరలేదు.

ఐదవది, తప్పిన రోజు. తప్పితే తప్పింది. వెనుకటి రోజులు తలచుకొని నింపకండి, అది అబద్ధమవుతుంది. ఈనాటి తేదీ వేయండి, ఈనాటిది వ్రాయండి. ఒకరోజు తప్పితే మరునాడు మాత్రం ఒక్క వాక్యమైనా వ్రాసి తీరాలన్నదే నా కట్టుబాటు.

ఆరవది, తప్పొప్పులు. ఎవరూ ఎర్రసిరా పట్టకూడదు. ఒత్తులు తప్పిపోతాయి, దీర్ఘాలు మాయమవుతాయి. పోనివ్వండి. మనం వస్తా ఉండాను అంటాము. విజయవాడలో వేరే విధంగా అంటారు. మీరు అన్నట్లే వ్రాయండి. పుస్తకాల తెలుగు రాకపోవడం వల్ల మన తెలుగు తెలుగు కాకుండా పోదు. అది నాలుగైదు వందల ఏళ్ళుగా ఈ గడ్డమీద బ్రతికిన తెలుగు.

అక్షరాలు రానివారి మాట

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి లిపి రాదని నాకు తెలుసు. హోసూరు ప్రాంతంలో తెలుగు బడులు ఉన్నాయి. ఇక్కడి మన పిల్లలకు ఆ అదృష్టం అరుదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత, పదవ తరగతి పరీక్షలో తమ భాష వ్రాసుకోవడానికే భాషాల్పసంఖ్యాకుల పిల్లలు కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. లిపి రాకపోవడం మీ తప్పు కాదు. కాని అది వచ్చేదాకా ఆగవద్దు.

తమిళ లిపిలోనే తెలుగు మాటలు వ్రాయడం మొదలుపెట్టండి. నేనూ మొదటి మూడు నెలలు అలాగే చేశాను. దాని చిక్కు త్వరలోనే మీకు తెలుస్తుంది. ఆ లిపిలో గాలి అని వ్రాసినా, కాలి అని వ్రాసినా రూపం ఒకటే. పాట, బాట ఒకటే. మన నోటిలో ఉన్న తేడా కాగితం మీద కనిపించదు. అది తమిళ లిపి లోపం కాదు, అది తమిళం కోసం పుట్టిన లిపి. ఆ చిక్కు ఎదురైనచోట, ఆ ఒక్క అక్షరం తెలుగులో వేయండి. మొదటి వారం గ, రెండవ వారం బ, ఆపైన ద, డ. అవసరమైన అక్షరం త్వరగా వస్తుంది. వారానికి రెండు అక్షరాలు చొప్పున పెంచుకొన్నా ఏడాది నిండేలోగా పుట మొత్తం తెలుగులోకి మారుతుంది.

ఇంటిలో అవ్వలు, తాతలు ఉంటే వారు చెప్పాలి, పిల్లలు వ్రాయాలి. పిల్లకు అక్షరం వస్తుంది, అవ్వకు తన మాట పుటలో చేరుతుంది. వ్రాసినదాన్ని వెంటనే చదివి ఆమెకు వినిపించండి. ఈ ఒక్క పని మరువకండి. నేను చేయలేకపోయింది అదే.

ఒక హెచ్చరిక కూడా. ఇంటి పుస్తకం అందరిదీ. ఎదిగిన పిల్ల గాని, కోడలు గాని తనకంటూ వేరే పుస్తకం పెట్టుకొంటే దానిని ఎవరూ తెరవకూడదు. తెరిచిన మరునాడే ఆ అలవాటు చస్తుంది, నమ్మకం కూడా చస్తుంది. బ్యాంకు రహస్య సంఖ్యలు అందులో వ్రాయకండి. పొరుగింటివారి గుట్టు వ్రాయకండి. చేబదులు ఇచ్చినది, పుచ్చుకొన్నది మాత్రం తప్పక వ్రాయండి.

ఏమి లాభమని అడిగేవారికి

ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. రాదు. ఈ మూడు వాక్యాలతో బడి వస్తుందా? అదీ రాదు. నేను వకీలును, లేని హామీ ఇవ్వలేను. ఉన్న లాభాలు చెబుతాను.

1872 నాటి సాక్ష్య చట్టం 159వ సెక్షను ప్రకారం, సాక్షి తాను ఆ సంగతి జరిగినప్పుడు గాని, జ్ఞాపకం చెడకముందే గాని వ్రాసుకొన్నదాన్ని చూసి కోర్టులో తన జ్ఞాపకాన్ని సరిచూసుకోవచ్చు. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 162వ సెక్షను అదే చెబుతుంది. వ్రాసినంత మాత్రాన అది రుజువైపోదు. కాని ఏనాడు ఎవరితో ఏమి మాట్లాడుకొన్నామో తేదీతో చెప్పగలిగినవాడి మాటకు బరువు ఉంటుంది. ఏ నాటి సంగతి ఆనాడే వ్రాయమని నేను పట్టుబట్టడానికి ఇది మరొక కారణం. మా బావి సంగతి మీకు చెప్పనే చెప్పాను.

మనసుకూ మేలు ఉంది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ 1980ల నుండి చేసిన పరిశోధనలు, మనసులోని కష్టాన్ని కాగితం మీద పెట్టడం చాలామందికి ఊరట కలిగిస్తుందని సూచించాయి. అది మందుకు బదులు కాదు. కాని ఎవరికీ చెప్పుకోలేనిదాన్ని అమ్మనుడిలో వ్రాసుకొన్నప్పుడు గుండె బరువు కొంత దిగడం నేను ఎరుగుదును.

అన్నిటికంటె పెద్దది మరొకటి. 2011 జనగణనలో తమిళనాట తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు 42 లక్షలకు పైగా, అంటే జనాభాలో 5.87 శాతం. ఇది చెప్పుకొన్న లెక్క. వీరిలో తెలుగులో ఒక వాక్యం వ్రాయగలిగినవారు ఎందరో నన్ను అడగకండి, ఆ అర్జీనాటి గదిని గుర్తు చేసుకోండి. రేపు మన పిల్లలకు తెలుగు పుస్తకం కావాలని, ఉపాధ్యాయుడు కావాలని అడిగేటప్పుడు, ఆ పుస్తకం తెరవగల చేతులు మన ఇంట్లో ఉండాలి. 350-ఎ అధికరణం బడి తలుపు తట్టే హక్కు ఇస్తుంది. ఇంటి గోడకు పుస్తకం కట్టుకోవడం మన పని.

చివరిగా నా కోరిక. ఈరోజు ఇక్కడినుండి వెళ్ళేటప్పుడు దారిలో ఒక నోటుపుస్తకం, ఒక కలం, రెండు మూరల దారం కొనండి. రేపు ఉదయం చీటీ చించగానే ఈనాటి సంగతి వ్రాయండి. ఈ సభకు వచ్చామని, ఎండ ఎక్కువగా ఉందని, వకీలు చాలాసేపు మాట్లాడాడని వ్రాయండి. మూడు వాక్యాలు పూర్తయ్యాయి.

వచ్చే తైపూసానికి మనవాళ్ళు ఎలాగూ కావళ్ళు ఎత్తుకొని ఇక్కడికి వస్తారు. అప్పుడు మీ పుస్తకాన్ని కూడా సంచిలో పెట్టుకొని రండి. ఎవరూ చదివి వినిపించనక్కరలేదు, పోటీ లేదు, బహుమతి లేదు. మధ్యలో ఖాళీలు ఉన్నా ఫరవాలేదు. ఒకరి పుస్తకం పక్కన ఒకరు పెట్టి ఎన్ని ఉన్నాయో లెక్క చూద్దాం. నా పుస్తకంతో పాటు అబ్బ పుస్తకాలు కూడా తెస్తాను. ఈ మధ్య వాటిని ఎండలో ఆరబెట్టే పని మా అమ్మాయి చేస్తున్నది. ఆమెకు చదవడం వచ్చు.